పెద్దవాళ్లు వ్యాయామం క్లాసు మానేస్తుంటే: సమస్య - పరిష్కారం

మానేసేవాళ్లు అసలు కారణం చెప్పరు. "కుదరడం లేదండీ" అంటారు, అంతే. ఏ దశలో మానేశారో చూస్తేనే కారణం దొరుకుతుంది.

సమస్య: ఒకటి రెండు క్లాసులకే ఆగిపోయారు.
కారణం: చాలాసార్లు ఒళ్లునొప్పులే. అలవాటులేని కండరం మర్నాటి నుంచి రెండు మూడు రోజులు నొప్పెడుతుంది. కుర్చీలో మెల్లగా కూర్చునే కదలికకు తొడలు మరీ పట్టేస్తాయి. దాంతో మోకాళ్లు అరిగిపోయాయని భయపడతారు.
పరిష్కారం: మొదటి రెండు వారాలు ఒక్కో వ్యాయామం ఒక్క సెట్టే, అంటే వరసగా 8 సార్లు. రెండో సెట్టు మూడో వారంలో. రెండు తొడలూ సమానంగా నొప్పెడితే మామూలేనని తొలిరోజే చెప్పండి. కీలులో పోటు, వాపు కనిపిస్తే ఆ వ్యాయామం ఆపించాలి. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం ఉంటే క్లాసే ఆపి, వెంటనే వైద్యసాయం అందేలా చూడాలి.

సమస్య: వెనక నిలబడి, పక్కవాళ్లను చూసి ఆలస్యంగా చేస్తున్నారు.
కారణం: పాట హోరులో మీ మాట వినబడటం లేదు. అది బద్ధకం కాదు.
పరిష్కారం: పాట ఆపి, వాళ్లవైపు తిరిగి, చేసి చూపించండి.

సమస్య: నేలమీద వ్యాయామాలున్న రోజు రారు.
కారణం: నలుగురిలో లేవలేకపోతామేమోనన్న బెరుకు.
పరిష్కారం: లేవడాన్నే ఒక వ్యాయామంగా నేర్పండి. పక్కకు ఒత్తిగిలి, మోచేతిమీద లేచి, చేతులూ మోకాళ్లమీదికి రావాలి. గోడకానించిన కుర్చీని రెండు చేతులా పట్టుకుని, బలమున్న కాలి పాదం ముందుకు మోపి లేవాలి. లేచాక వెంటనే నడవకుండా నిమిషం ఆగాలి, బీపీ పడిపోయి తూలవచ్చు. అప్పటికీ ఇష్టపడనివాళ్లకు కుర్చీలోనే చేయించండి.

సమస్య: మధ్యలో లేచి వెళ్లిపోతారు.
కారణం: మూత్రం ఆపుకోలేకపోవడం. గెంతితే లీకవుతుందని కొందరు ఆడవాళ్లు ఎవరితోనూ చెప్పరు.
పరిష్కారం: గెంతులు తీసేయండి. 20 నిమిషాలకోసారి అందరికీ విరామమివ్వండి, ఒక్కరే లేచి వెళ్లాల్సిన పని ఉండదు. నీరు పోయే మాత్ర వేసుకునేవాళ్లు దాని వేళ మార్చుకోవచ్చేమో డాక్టర్ని అడగాలి, సొంతంగా మానకూడదు.

సమస్య: జబ్బుచేసి ఆగారు, తగ్గినా రాలేదు.
కారణం: వెనకబడిపోయామన్న సిగ్గు.
పరిష్కారం: వారంలోపే ఫోన్ చేయండి. "ఎందుకు రాలేదు" అనకండి, "తగ్గాక సగంతో మొదలుపెడదాం" అనండి. అన్నట్టే సగమే చేయించండి.

క్లాసు మాని స్నేహితులతో రోజూ నడిచేవాళ్లను బలవంతపెట్టొద్దు. వారానికి 150 నిమిషాలు చురుగ్గా నడిస్తే మంచిదే. అయితే నడకొక్కటే కండబలానికీ, పడిపోకుండా నిలదొక్కుకోవడానికీ చాలదు. అందుకని వంటగట్టు పట్టుకుని ఒంటికాలిమీద నిలబడటం, కుర్చీలోంచి లేచి కూర్చోవడం వారంలో 3 రోజులు చేసుకోమని పెద్ద అక్షరాలతో రాసివ్వండి.