విక్టోరియా కాలపు కళాకారుల పుట్టుపూర్వోత్తరాలు: ఇంగ్లండ్ నుంచి జనన, వివాహ, మరణ సర్టిఫికెట్లకు దరఖాస్తు విధానం

పోస్టర్ మీద ఉన్న పేరు పట్టుకుని ఇంగ్లండ్ జనన రికార్డుల్లో వెతికితే డాన్ లెనో దొరకడు. పాటలూ హాస్యమూ కలిపి ప్రదర్శించే లండన్ మ్యూజిక్ హాళ్లలోనూ, డ్రూరీ లేన్ థియేటర్‌లో క్రిస్మస్ వేళ వేసే హాస్య నాటకాలైన పాంటోమైమ్‌లలోనూ ఏళ్ల తరబడి జనాన్ని నవ్వించిన ఆ నటుడు 1860 డిసెంబర్ 20న సెయింట్ పాంక్రస్ ప్రాంతంలో పుట్టాడు. అమ్మానాన్నలు పెట్టిన పేరు జార్జ్ వైల్డ్ గాల్విన్. తండ్రి జాన్ గాల్విన్, తల్లి లూయిసా. ఇద్దరూ పాటగాళ్లే, స్టేజి మీద వైల్డ్ దంపతులుగా పేరు. 1864లో తండ్రి పోయాడు. 1866లో తల్లి విలియం గ్రాంట్ అనే నటుణ్ని పెళ్లి చేసుకుంది. ఆ గ్రాంట్ స్టేజి పేరు లెనో. మారుతండ్రి స్టేజి కోసం పెట్టుకున్న పేరే పిల్లవాడికి జీవితాంతం నిలిచిపోయింది.

గాల్విన్, వైల్డ్, గ్రాంట్, లెనో... తల్లి పుట్టింటివారు డట్టన్‌లు. ఒక్క ఇంట్లో ఇన్ని ఇంటిపేర్లు. అందుకే ఈ వెతుకులాటలో నేను ఎవరికైనా ముందుగా చెప్పే మాట ఒకటే: అభిమానులు పిలిచిన పేరు పక్కన పెట్టండి, రిజిస్ట్రారు రాసుకున్న పేరు పట్టుకోండి. అది దొరికాక మిగతాదంతా దరఖాస్తు పనే.

ఎవరు ఇస్తారు, ఎవరు అడగొచ్చు

ఇంగ్లండ్, వేల్స్ దేశాలకు కలిపి జనన, వివాహ, మరణ రికార్డులు జనరల్ రిజిస్టర్ ఆఫీసు దగ్గర ఉంటాయి. నమోదు 1837 జూలై 1న మొదలైంది. స్కాట్లండ్ వేరు, అక్కడ 1855 నుంచి. ఐర్లండ్ కూడా వేరే, అక్కడ జనన మరణాల నమోదు 1864 నుంచి. మీ కళాకారుడు గ్లాస్గోలో పుట్టి ఉంటే ఇంగ్లండ్ ఆఫీసుకు దరఖాస్తు పెట్టడం దండగ.

ఆ మనిషితో మీకు చుట్టరికం ఉందని నిరూపించక్కర్లేదు. ఆ కాలపు రికార్డు ఎవరిదైనా ఎవరైనా అడగొచ్చు. గుంటూరులో కూర్చుని నాటకరంగం మీద పరిశోధన చేసే విద్యార్థికీ, లండన్‌లో ఉంటున్న తెలుగువాళ్లకూ, లెనో ముని మనవడికీ ఒకటే ఫారం, ఒకటే ఫీజు.

ముందుగా ఆఫీసు వెబ్‌సైటులో ఈమెయిల్‌తో ఖాతా తెరవాలి. అందులో పేరు, ఇంటిపేరు విడివిడి గళ్లలో అడుగుతారు. మనలో చాలామంది ఇంటిపేరు ముందు రాస్తాం కదా, ఇక్కడ మీ డెబిట్ కార్డు మీద ఎలా ఉందో అలాగే నింపండి. పోస్టులో తెప్పించుకునేవాళ్లు పిన్‌కోడ్, ఫోన్ నంబరు తప్పక ఇవ్వండి.

ఇండెక్స్‌లో వెతకడం

అసలు పనంతా ఇక్కడే. ఖాతా తెరిచాక జనన, మరణాల ఇండెక్స్ (నమోదైన పేర్ల జాబితా) ఉచితంగా చూడొచ్చు. జననం కోసం వెతికేటప్పుడు ఇంటిపేరు, ఆడా మగా అన్నది, సంవత్సరం తప్పనిసరి. సంవత్సరానికి అటూ ఇటూ రెండేళ్ల వరకు సడలింపు పెట్టుకోవచ్చు. స్పెల్లింగ్ దగ్గర అచ్చంగా అదే కావాలా, వినడానికి దగ్గరగా ఉన్నవి కూడా కావాలా అని అడుగుతుంది. రెండోదే ఎంచుకోండి. గుమస్తా చెవికి వినపడినట్టు రాసుకున్న రోజులవి. గాల్విన్ అనే పేరుకు ‘ఎల్’ ఒకటా రెండా అన్నది రాసినవాడి ఇష్టం.

తల్లి పుట్టింటి ఇంటిపేరుకు ఒక గడి ఉంటుంది. దాన్ని ఎంతమాత్రం ఖాళీగా వదలకండి. పాత అచ్చు ఇండెక్స్‌లలో 1911 దాకా ఈ వివరమే లేదు. 2016లో ఆఫీసువాళ్లు తెచ్చిన కొత్త ఇండెక్స్‌లో 1837 నుంచీ చేర్చారు. గాల్విన్ అని, తల్లి వైపు డట్టన్ అని పెట్టి, సంవత్సరం మార్చుకుంటూ, ఒకసారి మగ, ఒకసారి ఆడ అని వెతుక్కుంటూ పోతే ఒక్క జార్జ్ మాత్రమే కాదు, అతని అన్నలూ అక్కలూ కూడా వరసగా బయటపడే అవకాశం ఉంది. లెనో ఆరుగురిలో ఆఖరివాడు. పిల్లలు పుట్టిన ఊళ్లు వరసగా రాసుకుంటే ఆ దంపతులు ఏ ఏడు ఎక్కడ పాడుతూ తిరిగారో పటం గీసినట్టే. నాకైతే ఈ మొత్తం పనిలో ఇదే ఎక్కువ ఇష్టం. పైసా ఖర్చు లేకుండా ఒక కుటుంబం కళ్ల ముందు నడుస్తుంది.

దొరికిన ప్రతి నమోదుకూ ఒక రిఫరెన్స్ ఉంటుంది: సంవత్సరం, త్రైమాసికం, జిల్లా, సంపుటం, పేజీ. త్రైమాసికం దగ్గర జాగ్రత్త. ఇండెక్స్ పుట్టిన తేదీని బట్టి కాదు, నమోదు చేయించిన తేదీని బట్టి వేస్తారు. నమోదుకు ఆరు వారాల గడువు ఉండేది కాబట్టి డిసెంబర్ 20న పుట్టిన బిడ్డ 1861 జనవరి-మార్చి త్రైమాసికంలో తేలడం మామూలే. రెండు చోట్లా చూడండి. నేను మొదటిసారి ఇలాంటి పని చేసినప్పుడు ఇది తెలియక, ముందు త్రైమాసికంలో అదే పేరు కనిపించేసరికి సంబరపడి డబ్బు కట్టేశాను. వచ్చింది వేరే బిడ్డ సర్టిఫికెట్. తల్లి పేరు సరిచూసి ఉంటే ఆ ఖర్చు మిగిలేది.

అసలేమీ దొరకకపోతే కంగారు పడొద్దు. నమోదు చేయించకపోతే జరిమానా అన్న నిబంధన 1875 నుంచి గట్టిగా అమలైంది. అంతకుముందు ఊరూరా తిరిగే కళాకారుల పిల్లలు కొందరు లెక్కలోకే రాలేదు. అలాంటప్పుడు చర్చి బాప్టిజం రిజిస్టరే దిక్కు.

ఏ కాపీ అడగాలి, ఎంత కట్టాలి

2024 ఏప్రిల్‌లో సవరించిన ఫీజులివి. అచ్చు సర్టిఫికెట్ 12.50 పౌండ్లు. పీడీఎఫ్ 8 పౌండ్లు. డిజిటల్ చిత్రం 3 పౌండ్లు, డబ్బు కట్టగానే తెరపైకి వస్తుంది. రిఫరెన్స్ ఇవ్వకుండా మీరే వెతకండి అంటే మరో 3.50 పౌండ్లు. ఫీజులు మారుతుంటాయి కాబట్టి కట్టే ముందు తెర మీద ఉన్న అంకె చూసుకోండి.

పరిశోధనకు డిజిటల్ చిత్రం చాలు. అసలు రిజిస్టరులోని గడులు, ఆనాటి చేతిరాత అలాగే కనిపిస్తాయి. కాకపోతే అన్ని ఏళ్లకూ దొరకదు: జననాలైతే వందేళ్లు దాటినవి, మరణాలైతే 1887 వరకు. లెనో జననానికీ, 1864లో పోయిన తండ్రి మరణానికీ చెరో 3 పౌండ్లతో పని జరుగుతుంది. వారసత్వం, పాస్‌పోర్టు లాంటి చట్టపరమైన అవసరానికైతే మాత్రం అచ్చు సర్టిఫికెట్టే తీసుకోవాలి, పీడీఎఫ్ చెల్లదు.

లెనో 1904 అక్టోబర్ 31న చనిపోయాడు. ఆ మరణ సర్టిఫికెట్ తెప్పించడం మీద నేను డబ్బు పెట్టను. ఇంగ్లండ్ మరణ రికార్డులో ఆ రోజుల్లో అమ్మానాన్నల పేర్లు రాసేవారు కాదు. వంశం వెతికేవాళ్లకు అందులో వయసు, వృత్తి, సమాచారం ఇచ్చినవాళ్ల పేరు తప్ప పెద్దగా దక్కదు. స్కాట్లండ్ మరణ రికార్డులో తల్లిదండ్రులు ఇద్దరూ ఉంటారు, అక్కడైతే ముందు దాన్నే అడగాలి.

పెళ్లి సర్టిఫికెట్టే తాళంచెవి

ఇంగ్లండ్ పెళ్లి సర్టిఫికెట్‌లో వధూవరుల ఇద్దరి తండ్రుల పేర్లు, వాళ్ల వృత్తులు ఉంటాయి. ఒక్క కాగితంతో రెండు వైపులా ఒక తరం వెనక్కి వెళ్లిపోతాం. అందుకే లెనో విషయంలో నేను మొదట అడిగేది అతని తల్లి రెండో పెళ్లి కాగితం. అందులో ఆమె వితంతువుగా గాల్విన్ పేరుతో ఉంటుంది, తండ్రి గడిలో డట్టన్ పేరు ఉండాలి. అంటే లెనో తాతగారు, ఆయన ఏం పని చేసి బతికాడో ఆ వివరంతో సహా. వరుడి వైపు వెతకాల్సింది లెనో అని కాదు, గ్రాంట్ అని.

చిక్కేమిటంటే పెళ్లిళ్లను ఆఫీసు వెబ్‌సైటులో వెతకలేం. దానికి స్వచ్ఛంద కార్యకర్తలు తయారుచేసిన ఫ్రీబీఎండీ అనే ఉచిత సైటు వాడాలి. 1912కు ముందు ఇండెక్స్‌లో ఎవరిని చేసుకున్నారో ఉండదు. కాబట్టి 1866లో గ్రాంట్‌ను ఒకసారి, గాల్విన్‌ను ఒకసారి విడివిడిగా వెతికి, ఇద్దరికీ జిల్లా, సంపుటం, పేజీ ఒకటే అయితేనే ముందుకెళ్లాలి. ఆ రిఫరెన్స్‌తో మళ్లీ ఆఫీసు సైటుకు వచ్చి దరఖాస్తు చేయాలి. పెళ్లికి డిజిటల్ చిత్రం, పీడీఎఫ్ ఇవ్వరు, అచ్చు సర్టిఫికెట్ ఒక్కటే. రిఫరెన్స్ ఇచ్చి ఉంటే నాలుగు పని దినాల్లో పోస్టు చేస్తారు. మన ఊరు చేరడానికి పట్టే రోజులు అదనం.

వచ్చాక ఊరికే పేర్లు చూసి పక్కన పెట్టేయకండి. వయసు గడిలో అంకె బదులు ‘ఫుల్ ఏజ్’ అని ఉంటే ఇరవై ఒకటి దాటినట్టు మాత్రమే అర్థం. సంతకం బదులు ‘ఎక్స్’ గుర్తు ఉంటే సంతకం రాని మనిషి. జనన కాగితంలో తండ్రి గడి ఖాళీగా ఉంటే తల్లిదండ్రులకు పెళ్లి కాలేదని సూచన. సాక్షుల పేర్లు కూడా రాసుకోండి. నాటకాలవాళ్ల పెళ్లిలో సాక్షి సంతకం చేసేది తోబుట్టువో, అదే ట్రూపు మనిషో అయ్యే వీలు ఎక్కువ.

పదేళ్లకోసారి జరిగిన జనాభా లెక్కలతో దీన్ని సరిచూసుకోవాలి. 1861లో ఏప్రిల్ 7న, 1871లో ఏప్రిల్ 2న ఎవరు ఎక్కడ రాత్రి గడిపారో అక్కడే రాశారు. తిరుగుడు బతుకుల కళాకారులు సొంతింట్లో కాదు, లాడ్జింగుల్లో దొరుకుతారు. లెనో లాంటి పిల్లల్ని మారుతండ్రి ఇంటిపేరుతో కూడా వెతకండి.

1837కు ముందు పుట్టినవాళ్లయితే

సొంత సర్కస్ నడిపిన నల్లజాతి కళాకారుడు పాబ్లో ఫాంక్ అసలు పేరు విలియం డార్బీ, నార్విచ్ ఊరివాడు. పుట్టింది 1796లో అని కొందరు, 1810లో అని కొందరు. ఏదైనా ప్రభుత్వ నమోదుకు ముందు మాటే. ఇలాంటివాళ్లకు ఇదే విధానాన్ని తిరగేసి వాడాలి. ఆయన 1848లో షెఫీల్డ్‌లో చేసుకున్న రెండో పెళ్లి ప్రభుత్వ రికార్డుల్లో ఉంటుంది, ముందు అది తెప్పించుకోవాలి. ఆయన తన తండ్రి వృత్తి బట్లర్ అని రాయించాడు. ఆ వివరం చేతిలో పెట్టుకుని నార్విచ్‌లోని నార్ఫోక్ రికార్డ్ ఆఫీసులో చర్చి బాప్టిజం రిజిస్టర్లు చూడాలి. పక్కనే ఖననాల రిజిస్టరు కూడా చూడండి. పెద్ద బిడ్డ పోతే తర్వాత పుట్టినవాడికి అదే పేరు పెట్టడం అప్పట్లో ఉన్న అలవాటే.

మద్రాసు ప్రెసిడెన్సీలో తేలినవాళ్లు

బ్రిటన్ నుంచి మన దేశానికి ప్రదర్శనలకు వచ్చి ఇక్కడే పెళ్లాడినవాళ్లు, కన్నుమూసినవాళ్లు ఉన్నారు. వాళ్ల కోసం ఇంగ్లండ్ ఇండెక్స్ ఒక్కటే తిరగేస్తే చాలదు. చర్చి పాదిరీలు పంపిన బాప్టిజం, వివాహ, ఖనన నకళ్లు బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీస్ రికార్డుల్లో ఉన్నాయి. వాటి కేటలాగులో ‘ఎన్’ అక్షరం కింద ఉన్న వరసలో బెంగాల్‌ది 1, మద్రాసుది 2, బొంబాయిది 3. విశాఖ, మచిలీపట్నం వైపు ఘటన అయితే 2వ సంఖ్య చూడాలి. ఫైండ్‌మైపాస్ట్ సైటులో వీటి స్కాన్‌లు చందా కట్టి చూడొచ్చు. సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లో చనిపోయారని ఇంట్లో చెప్పుకునే మాట ఉంటే కూడా ముందు మద్రాసు ఖననాలే వెతకండి, నిజాం రాజ్యం కదా అని వదిలేయొద్దు. అక్కడా స్టేజి పేరు, అసలు పేరు రెండూ వేసి చూడండి. చావు కబురు పాదిరీకి చెప్పినవాళ్లకు ఏ పేరు తెలిస్తే ఆ పేరే పుస్తకంలోకి ఎక్కింది.