మార్చి 31 రాకముందే: గ్రూపు లెక్కలు కలిపేవాళ్లు తీసుకోవాల్సిన జాగ్రత్తలు

బేగంపేట, సోమాజిగూడ, హైటెక్ సిటీ ఆఫీసుల్లో ఫైనాన్స్ వాళ్లకు ఏప్రిల్, మే నెలలు ఎలా గడుస్తాయో వాళ్ల ఇంట్లోవాళ్లకు బాగా తెలుసు. లిస్టయిన కంపెనీ మార్చి 31 తర్వాత 60 రోజుల్లో, అంటే మే 30కల్లా, ఆడిట్ పూర్తయిన ఏడాది ఫలితాలు స్టాక్ ఎక్స్ఛేంజీకి ఇవ్వాలి. సబ్సిడియరీలు (తన ఆధీనంలో ఉన్న కంపెనీలు) ఉంటే అన్నిటి లెక్కలూ కలిపిన ఫలితాలు కూడా అదే గడువులో వెళ్లాలి. లిస్టు కాని కంపెనీకి టైం కాస్త ఎక్కువ ఉంటుంది గానీ, సబ్సిడియరీ ఉన్నాక కంపెనీల చట్టం 129(3) సెక్షన్ ప్రకారం మామూలుగా కన్సాలిడేషన్ (అన్ని కంపెనీల లెక్కలూ కలపడం) తప్పదు.

ఈ పనిలో కొత్తగా చేరినవాళ్లకు నేను ముందు చెప్పే మాట ఒకటుంది. సబ్సిడియరీ పంపిన అంకె తప్పుగా ఉంటే హెడ్డాఫీసులో కూర్చుని మీరు దిద్దకండి. వెనక్కి పంపి, ఆ పుస్తకాలు రాసేవాళ్లతోనే దిద్దించండి. మీరు ఎక్సెల్‌లో సరిచేసిన అంకె వాళ్ల లెడ్జర్‌లోకి వెళ్లదు. వాళ్ల ఆడిటర్ ఒక అంకె మీద సంతకం పెడతారు, మీ షీట్‌లో ఇంకో అంకె ఉంటుంది. వచ్చే ఏడాది ఓపెనింగ్ బ్యాలెన్స్ దగ్గర ఆ తేడా మళ్లీ బయటపడుతుంది. అప్పటికి దాన్ని దిద్దిన మనిషి ఉద్యోగం మారిపోయి ఉండొచ్చు. అయితే వెనక్కి పంపి దిద్దించేంత తీరిక మే నెలలో ఎవరికీ ఉండదు. అందుకే అసలు పని ఫిబ్రవరి, మార్చి నెలల్లోనే ఉంది.

క్యాలెండర్ వేసేటప్పుడు మన సెలవులతో పాటు వాళ్ల సెలవులూ చూడండి. 2025లో ఉగాది మార్చి 30న, రంజాన్ 31న వచ్చాయి, గుడ్ ఫ్రైడే ఏప్రిల్ 18న పడింది. మన దగ్గర పండగ అయ్యేసరికి యూరప్ వాళ్లకు ఈస్టర్ సెలవులు మొదలవుతాయి. ఒక్కో సబ్సిడియరీ నుంచి బాధ్యుడి పేరు ఒకటి, ఆయన సెలవు పెడితే చూసే మనిషి పేరు ఇంకొకటి మార్చిలోనే రాయించుకోండి.

ఏయే కంపెనీలు?

కంపెనీల జాబితాను జ్ఞాపకం మీద తయారు చేయకండి. సబ్సిడియరీకి మళ్లీ సబ్సిడియరీ ఉంటుంది. వ్యాపారం ఏమీ లేదని అందరూ మర్చిపోయిన కంపెనీకి బ్యాంకు ఖాతా, ఆడిట్ ఫీజు ఉంటాయి. వాటా శాతం, కంట్రోల్ చేతికొచ్చిన తేదీ, ఆర్థిక సంవత్సరం ఎప్పుడు ముగుస్తుంది అన్నవి ఒక్కో కంపెనీకీ రాసుకోండి. ఏడాది మధ్యలో కొన్న కంపెనీ ఆదాయం కంట్రోల్ వచ్చిన రోజు నుంచే కలుస్తుంది.

అమెరికాలో, యూరప్‌లో చాలా కంపెనీలకు ఏడాది డిసెంబర్ 31తో ముగుస్తుంది. మార్చికి లెక్కలు తీయడం సాధ్యపడకపోతే డిసెంబర్ లెక్కలు వాడుకోవచ్చు గానీ, ఇండ్ ఏఎస్ (భారత అకౌంటింగ్ ప్రమాణాలు) 110 ప్రకారం తేడా మూడు నెలలు మించకూడదు. మధ్యలో జరిగిన పెద్ద లావాదేవీలను సర్దుబాటు కూడా చేయాలి. మన కంపెనీ ఆ సబ్సిడియరీకి జనవరి నుంచి మార్చి దాకా పంపిన సరుకు వాళ్ల డిసెంబర్ పుస్తకాల్లో కనిపించదు. అంత చిక్కు పడేకన్నా మార్చి ట్రయల్ బ్యాలెన్స్ (అన్ని ఖాతాల డెబిట్, క్రెడిట్ నిల్వల జాబితా) అడిగి తీసుకోవడమే మంచిదని నా అభిప్రాయం.

అంకె చేరినంత మాత్రాన అర్థం చేరదు

ఒకరు లక్షల్లో పంపుతారు, ఒకరు వేలల్లో, మరొకరు మిలియన్లలో. రౌండింగ్ అంతా హెడ్డాఫీసులో చేసుకోవచ్చు కాబట్టి సబ్సిడియరీ నుంచి స్థానిక కరెన్సీలో, పూర్తి అంకెలే అడగండి. క్రెడిట్ బ్యాలెన్స్‌కు మైనస్ గుర్తు పెట్టాలో వద్దో ఫార్మాట్ మీదే రాయండి.

జర్మనీ నుంచి వచ్చే ఫైల్‌ను ప్రత్యేకంగా చూడాలి. వాళ్లు వేల దగ్గర చుక్క, దశాంశం దగ్గర కామా పెడతారు. వాళ్లు 1.250 అని రాస్తే పన్నెండు వందల యాభై. అదే టెక్స్ట్ ఫైల్‌గా వచ్చి మన కంప్యూటర్‌లో తెరుచుకుంటే ఎక్సెల్ దాన్ని ఒకటింపావుగా చదువుతుంది, ఏ ఎర్రర్ చూపించదు. 1.250,75 అని ఉంటే మాత్రం మామూలుగా టెక్స్ట్‌గా మిగిలిపోయి, టోటల్‌లో కలవదు. తేదీలూ అంతే. అమెరికా వాళ్లు 03/04/2025 అని రాస్తే మార్చి 4, మనం చదివితే ఏప్రిల్ 3. ఏడాది చివర ఏ ఇన్వాయిస్ ఏ సంవత్సరానిదో తేల్చేటప్పుడు ఈ చిన్న తేడాయే పెద్దదవుతుంది. నెల పేరును అక్షరాల్లో రాయమనండి.

సబ్సిడియరీ ఖాతాలను గ్రూపు ఖాతాలకు జతచేసే మ్యాపింగ్‌లో అసలు ప్రమాదం కొత్త లెడ్జర్లతో. సబ్సిడియరీ నవంబర్‌లో కొత్త ఖాతా తెరిచింది, మీ మ్యాపింగ్ షీట్‌లో దాని కోడ్ లేదు. అప్పుడు ఫార్ములా దాన్ని చప్పుడు లేకుండా వదిలేస్తుంది. వచ్చిన ట్రయల్ బ్యాలెన్స్ మొత్తం, మ్యాపింగ్ తర్వాత మొత్తం, రెండూ సున్నాకు వస్తున్నాయో లేదో చూస్తే సరిపోదు. లైన్ల సంఖ్య కూడా పోల్చండి. డెబిట్, క్రెడిట్ సమానంగా ఉన్న రెండు ఖాతాలు కలిసి జారిపోతే టోటల్ పట్టుకోలేదు.

అకౌంటింగ్ పద్ధతులు కూడా ఒకేలా ఉండాలి. అమెరికా పద్ధతిలో స్టాక్‌కు లైఫో (చివర కొన్న సరుకే ముందు అమ్ముడైనట్టు లెక్కించడం) వాడొచ్చు, ఇండ్ ఏఎస్‌లో కుదరదు. అక్కడ ఆపరేటింగ్ లీజు అద్దె ఒకే ఖర్చుగా కనిపిస్తుంది, ఇక్కడ ఇండ్ ఏఎస్ 116 కింద తరుగుదల, వడ్డీగా విడిపోతుంది. ఇలాంటి తేడాల పట్టిక సబ్సిడియరీ ఆడిటర్‌తో మార్చిలోనే ఒప్పించుకోండి.

ఇంటర్‌కంపెనీ

నిద్ర లేకుండా చేసేది గ్రూపు కంపెనీల మధ్య జరిగే ఈ లావాదేవీలు, బాకీలే. ఫిబ్రవరి నెలాఖరు బ్యాలెన్సులతో ఒకసారి పూర్తిగా సరిపోల్చి చూడండి. అప్పుడు దొరికిన తేడాలు మార్చి ముగిసేలోపే వాళ్ల పుస్తకాల్లో సర్దుకుంటాయి.

దేశంలోపలి కంపెనీల మధ్య తేడా ఎక్కువగా టీడీఎస్ (డబ్బు కట్టేటప్పుడే పట్టుకునే పన్ను) దగ్గర వస్తుంది. హోల్డింగ్ కంపెనీ లక్ష రూపాయల సర్వీసుకు 18 శాతం జీఎస్టీ కలిపి 1,18,000కు బిల్లు వేసింది అనుకుందాం. సబ్సిడియరీ లక్ష మీద 10 శాతం టీడీఎస్ పట్టుకుని 1,08,000 కట్టింది. వాళ్ల లెక్కలో బాకీ సున్నా. ఇక్కడ టీడీఎస్ ఎంట్రీ పడకపోతే మన లెక్కలో ఇంకా 10,000 రావాలి. అటు సబ్సిడియరీకి ఖర్చు లక్షా, ఇన్‌పుట్ క్రెడిట్ (కట్టిన జీఎస్టీని సర్దుకునే వీలు) రాకపోతే లక్షా పద్దెనిమిది వేలా అన్నది కూడా అడగాలి.

సముద్రంలో ఉన్న సరుకు సంగతి వేరు. జీడిమెట్ల ఫ్యాక్టరీ నుంచి మార్చి మూడో వారంలో బయలుదేరిన టాబ్లెట్ల కంటైనర్ మార్చి 31న ఇంకా ఓడలోనే ఉంటుంది. ఇక్కడి పుస్తకాల్లో అమ్మకం ఎంట్రీ వేసేశారు. అమెరికా సబ్సిడియరీ మాత్రం సరుకు గోడౌన్‌కు చేరాకే, ఏప్రిల్‌లో ఎంట్రీ వేస్తుంది. ఇద్దరిలో ఎవరో ఒకరిది తప్పు. ఒప్పందంలో సరుకు మీద హక్కు ఎప్పుడు మారుతుందని ఉందో తీసి చదవండి. ఓడ ఎక్కగానే మారితే సబ్సిడియరీయే దారిలో ఉన్న స్టాక్‌గా, బాకీగా మార్చి 31న రాసుకోవాలి. అక్కడ చేరాకే మారితే మన అమ్మకం ఎంట్రీనే వెనక్కి తిప్పాలి. మార్చి చివర్లో బయలుదేరిన ప్రతి కంటైనర్ వివరాలు డిస్పాచ్ వాళ్ల దగ్గర ముందే తీసుకోండి.

ఆ సరుకులోనే ఇంకో చిక్కుంది. 70 రూపాయలకు తయారైనదాన్ని సబ్సిడియరీకి 100కు అమ్మాం, అది ఇంకా అమ్ముడుపోలేదు. బయటివాడికి అమ్మేదాకా ఆ 30 రూపాయలు గ్రూపుకు లాభం కాదు, స్టాక్‌లోంచి తీసేయాలి. దాని మీద డిఫర్డ్ టాక్స్‌ను (తర్వాతి కాలంలో తేలే పన్ను ప్రభావాన్ని) కొన్న కంపెనీ పన్ను రేటుతో లెక్కకట్టాలి. ఇదంతా చేయాలంటే తమ స్టాక్‌లో గ్రూపు నుంచి వచ్చింది ఎంతో సబ్సిడియరీ చెప్పగలగాలి. చాలామంది సిస్టంలో ఆ విభజన ఉండదు. మే నెలలో అడిగితే అంచనా వేసి ఒక అంకె ఇస్తారు. బ్యాచ్ వారీ రిపోర్టు కావాలని ఫిబ్రవరిలోనే చెప్పండి.

రేట్లు, పాత ఎంట్రీలు

మారకం రేట్ల షీట్ హెడ్డాఫీసు నుంచే, ఒకటే వెళ్లాలి. ఆస్తులు, అప్పులకు క్లోజింగ్ రేటు (ఏడాది చివరి రోజు రేటు), ఆదాయ వ్యయాలకు సగటు రేటు, షేర్ క్యాపిటల్‌కు పాత రేటు వాడతారు. ఏడాదిలో కరెన్సీ బాగా ఊగిసలాడితే ఏడాది సగటు పనికిరాదు, నెలవారీ రేట్లు తీసుకోవాలి. పోయినేటి రిజర్వులను కొత్త రేటుతో మళ్లీ మార్చకండి. పోయినేడు రూపాయల్లో ఎక్కడ ముగిశాయో అక్కడి నుంచే మొదలవ్వాలి.

కన్సాలిడేషన్‌లో మాత్రమే వేసే ఎంట్రీలు ఏ కంపెనీ పుస్తకంలోనూ ఉండవు, కాబట్టి ప్రతి ఏడాదీ మళ్లీ వేయాలి. వాటికి ఒక రిజిస్టర్ పెట్టి, ఎందుకు వేశారు, ఎవరు ఒప్పుకున్నారు, ఎప్పుడు వెనక్కి తిప్పాలి అని రాయండి.

డబ్బు నిజంగా ఉందా, ఫైల్ ఎవరి దగ్గరుంది

2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు రాసిన లేఖలో పుస్తకాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు అసలు లేవని ఉంది. అది మన ఊళ్లోనే జరిగింది. ఎంత చిన్న సబ్సిడియరీ అయినా, స్టేట్‌మెంట్ పీడీఎఫ్ చూసి సంతృప్తి పడకండి. బ్యాంకు కన్ఫర్మేషన్ ఆడిటర్‌కు నేరుగా బ్యాంకు నుంచే వెళ్లేలా చూడండి.

లిస్టయిన గ్రూపులో త్రైమాసికం ముగిసినప్పటి నుంచి ఫలితాలు ప్రకటించాక 48 గంటల దాకా లోపలివాళ్లకు ట్రేడింగ్ విండో మూసే ఉంటుంది, అంటే కంపెనీ షేర్లు కొనకూడదు, అమ్మకూడదు. మీ చేతిలోని షీట్ షేరు ధరను కదిలించగల, బయటికి ఇంకా తెలియని సమాచారమే. దాన్ని వాట్సాప్‌లో పంపకండి, సొంత మెయిల్‌కు పంపుకోకండి. సబ్సిడియరీ వాళ్లకు వాళ్ల కంపెనీ ట్యాబ్ ఒక్కటే కనిపించాలి. కలిపిన షీట్ తెరవగలిగేవాళ్ల పేర్లు మార్చిలోనే కంపెనీ సెక్రటరీకి ఇచ్చి, కొత్తగా ఎవరు చేరినా అదే రోజు ఆ జాబితాలో రాయించండి.