అయిదు స్పీకర్లు, పలికేవి రెండే: హోమ్ థియేటర్ రిసీవర్ సమస్యలు - పరిష్కారాలు

తిరుపతి, చిత్తూరు ఇళ్లలో హోమ్ థియేటర్‌కు విడిగా గది ఉండడం అరుదు. హాల్లోనే ఒక గోడకు టీవీ, ఎదురుగా సోఫా, కింద టైల్స్ లేదా గ్రానైట్, పైన స్లాబు. రిసీవర్‌ని (టీవీ శబ్దాన్ని అందుకుని స్పీకర్లన్నింటికీ పంచే పెట్టె) చెన్నై రిచ్చీ స్ట్రీట్ నుంచి తెచ్చుకున్నా, ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నా, బిగించిన కొత్తలో వచ్చే ఇబ్బందులు ఇంచుమించు ఒకటే. వాటిలో రిసీవర్ నిజంగా పాడైన సందర్భాలు తక్కువ. చాలావరకు తప్పు సెట్టింగ్‌లోనో, వైర్లలోనో, ఇంటి ఎర్తింగ్‌లోనో ఉంటుంది.

అందుకే ఏ సమస్య వచ్చినా ముందు టెస్ట్ టోన్ పెట్టి చూడండి. రిసీవర్ మెనూలో స్పీకర్ సెటప్ కింద ఉంటుంది. పెట్టగానే 'ష్...' అనే శబ్దం ఒక్కో స్పీకర్ నుంచి వరసగా రావాలి. ఆ శబ్దం రిసీవర్ లోపలే తయారవుతుంది కాబట్టి టీవీకి, సెట్ టాప్ బాక్స్‌కి దాంతో సంబంధం లేదు. అన్ని స్పీకర్లలో వస్తే వైరింగ్ బాగున్నట్టే, వెతకాల్సింది టీవీ వైపు. ఏదో ఒకదాంట్లో రాకపోతే టీవీ జోలికి పోనక్కర్లేదు, వైర్లు చూడండి. స్క్రీన్ మీద 'సరౌండ్ లెఫ్ట్' అని పడుతుంటే శబ్దం కుడివైపు వస్తోందా? వెనకాల వైర్లు తారుమారయ్యాయి.

టెస్ట్ టోన్ అన్నిట్లో వస్తోంది, సినిమా మాత్రం ముందు రెండింట్లోనే

టీవీ తన డిజిటల్ ఆడియోను పీసీఎంగా (కుదించని మామూలు డిజిటల్ శబ్దంగా) పంపుతోందన్నమాట. టీవీ నుంచి ఆర్క్ (టీవీ శబ్దాన్ని హెచ్‌డీఎంఐ కేబుల్ మీదే వెనక్కి రిసీవర్‌కు పంపే ఏర్పాటు) ద్వారానో ఆప్టికల్ కేబుల్ ద్వారానో వచ్చే పీసీఎంలో రెండు చానళ్లే ఉంటాయి. టీవీ సౌండ్ సెట్టింగ్స్‌లో 'డిజిటల్ ఆడియో అవుట్‌పుట్'ని పీసీఎం నుంచి ఆటోకి గానీ పాస్‌త్రూకి గానీ మార్చండి. ఫైర్ టీవీ స్టిక్ వాడితే దాంట్లో కూడా 'డిస్‌ప్లే అండ్ సౌండ్స్' లోపల ఆడియోకి వెళ్లి, సరౌండ్ సౌండ్‌ను 'బెస్ట్ అవైలబుల్' చేయాలి. టీవీలో మార్చి స్టిక్‌లో మరిచిపోవడం బాగా జరిగే పొరపాటు.

మార్చాక చెవిని నమ్మకండి, రిసీవర్ ముందున్న డిస్‌ప్లే చూడండి. ఇన్ఫో బటన్ నొక్కితే లోపలికి వస్తున్న సిగ్నల్ ఏమిటో చెబుతుంది. 'డాల్బీ డిజిటల్ ప్లస్' అనో 'డాల్బీ డిజిటల్' అనో పడితే దారి తెరుచుకున్నట్టే. ఇంకా పీసీఎం అనే ఉంటే, మీరు పెట్టిన ప్రోగ్రామే స్టీరియో అయి ఉండొచ్చు. చాలా టీవీ చానళ్లు, పాత సినిమాలు రెండు చానళ్లలోనే ఉంటాయి. ఓటీటీలో భాష ఎంచుకునే చోట తెలుగు పక్కన 5.1 (అయిదు స్పీకర్లు, ఒక సబ్ వూఫర్) అని ఉందో లేదో చూడండి. ఒకే సినిమాకు ఒక భాషలో 5.1 ఉండి ఇంకో భాషలో స్టీరియోనే ఉండడం మామూలే. స్టీరియోని అన్ని స్పీకర్లకూ పంచాలంటే రిమోట్‌లో డాల్బీ సరౌండ్ గానీ న్యూరల్:ఎక్స్ గానీ ఎంచుకోండి. 'ఆల్ చానల్ స్టీరియో' మాత్రం సినిమాకు వద్దు. మాటలు వెనక నుంచి కూడా వచ్చి గందరగోళం చేస్తాయి.

ఆప్టికల్ కేబుల్ వాడేవాళ్లకు ఇంకో పరిమితి ఉంది. అందులో డాల్బీ డిజిటల్ 5.1 వెళ్తుంది గానీ డాల్బీ డిజిటల్ ప్లస్ వెళ్లదు, కాబట్టి అట్మాస్ (పైనుంచి కూడా శబ్దం వచ్చేలా చేసే డాల్బీ పద్ధతి) ఆశ పెట్టుకోవద్దు. ఓటీటీల్లో వచ్చే అట్మాస్‌కు మామూలు ఆర్క్ సరిపోతుంది. బ్లూరే డిస్కులోని ట్రూహెచ్‌డీని (నాణ్యత తగ్గని డాల్బీ శబ్దం) టీవీ మీదుగా తీసుకోవాలంటే మాత్రం ఈ-ఆర్క్ (ఆర్క్‌లో మెరుగైన రకం) ఉండాలి, లేదా ప్లేయర్‌ని నేరుగా రిసీవర్‌కే కలపాలి.

ఆర్క్‌లో శబ్దమే లేదు

టీవీలో అన్ని హెచ్‌డీఎంఐ పోర్టులూ ఆర్క్ ఇవ్వవు. పక్కన 'ఆర్క్' అని రాసి ఉన్న దాంట్లోనే పెట్టాలి. రిసీవర్‌లో అయితే ఇన్‌పుట్ వరసలో కాదు, 'మానిటర్ అవుట్'లో. ఆపైన రెండు వైపులా సీఈసీ (హెచ్‌డీఎంఐతో కలిపిన పరికరాలు ఒకదాన్నొకటి నడిపించుకునే సౌకర్యం) ఆన్‌లో ఉండాలి. ఈ సీఈసీకి ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెట్టుకుంది: సామ్‌సంగ్‌లో ఎనీనెట్ ప్లస్, ఎల్‌జీలో సింప్‌లింక్, సోనీలో బ్రావియా సింక్. అన్నీ సరిగ్గానే ఉన్నా నిన్న వచ్చిన శబ్దం ఇవాళ రాకపోతే, టీవీ, రిసీవర్ రెండింటి ప్లగ్గులూ గోడ నుంచి పీకి అయిదు నిమిషాలు వదిలేయండి. ముందు టీవీ, అది పూర్తిగా ఆన్ అయ్యాక రిసీవర్ వేయండి. రిమోట్‌తో ఆఫ్ చేసి ఆన్ చేస్తే ఈ ఫలితం రాదు.

ఒక స్పీకర్ పలకడం లేదు, లేదా బేస్ పలచగా ఉంది

పలకని స్పీకర్ వైరునూ పలికే స్పీకర్ వైరునూ రిసీవర్ వెనక అటుదిటు మార్చండి (పవర్ ఆఫ్ చేసి). సమస్య వైరుతో పాటు వెళ్తే తప్పు వైరుదో స్పీకర్‌దో. అదే టెర్మినల్ దగ్గర ఆగిపోతే రిసీవర్‌ది.

అన్నీ పలుకుతున్నా శబ్దం మధ్యలో నిలవకుండా పక్కలకు పోయి, బేస్ తేలిపోతుంటే ఏదో ఒక స్పీకర్‌కు ప్లస్, మైనస్ తిరగబడి ఉంటుంది. ఒక కోన్ ముందుకు వస్తుంటే ఇంకొకటి వెనక్కు పోతుంది, రెండూ కలిసి బేస్‌ను చంపేస్తాయి. గోడలో పైపులో వేసిన వైరు ఏ కొస ఏదో తెలియనప్పుడు 1.5 వోల్టుల పెన్సిల్ సెల్లు చాలు. ఆ వైరును రిసీవర్ నుంచి తీసేసి, సెల్లు ప్లస్‌ను ఎర్ర అనుకున్న కొసకు, మైనస్‌ను ఇంకో కొసకు ఒక్క క్షణం తాకించండి. చిన్నగా 'టక్' అంటుంది. వూఫర్ కోన్ ముందుకు వస్తే మీరు అనుకున్నదే ప్లస్, లోపలికి పోతే తిరగబడింది. పట్టుకుని ఉంచొద్దు, తాకించి తీసేయాలి.

వైరు 10 మీటర్ల లోపు అయితే 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి చాలు, దాటితే 2.5 వేయండి. చౌకగా వచ్చే వాటిలో అల్యూమినియం మీద రాగి పూత ఉంటుంది. పోగును బ్లేడుతో గీరితే తెల్లగా బయటపడుతుంది, అలాంటిది వద్దు. స్పీకర్ వైరును 230 వోల్టుల వైర్లు పోయే పైపులో కలిపి లాగకూడదు.

సంగీతం మోగిపోతోంది, మాటలు వినపడవు

సెంటర్ స్పీకర్ టీవీ యూనిట్ అరలో లోపలికి దూరి ఉంటే మాట మూతపడినట్టు వస్తుంది. అర అంచుకు జరిపి, కాస్త పైకి వాల్చి, చెవుల వైపు తిప్పండి. తర్వాత సెంటర్ లెవెల్ 2 నుంచి 3 డెసిబెల్స్ పెంచండి. రాత్రి పూట పిల్లలు పడుకున్నాక డైనమిక్ రేంజ్ కంప్రెషన్ లేదా నైట్ మోడ్ వేస్తే ఫైట్లు తగ్గి మాటలు పైకి వస్తాయి. ఇక అసలు సెంటర్ స్పీకరే లేకుండా మెనూలో 'సెంటర్: ఉంది' అని వదిలేస్తే డైలాగులు దాదాపు మాయమవుతాయి. అక్కడ 'లేదు' పెడితే ముందు రెండు స్పీకర్లే ఆ మాటలు పలుకుతాయి.

అప్పటికీ మాట స్పష్టంగా లేకపోతే అది హాలు ప్రతిధ్వని. టైల్స్, గాజు తలుపులు, ఖాళీ గోడలు శబ్దాన్ని తిప్పికొడతాయి. సోఫాకూ టీవీకీ మధ్య మందపాటి కార్పెట్, కిటికీకి బరువైన కర్టెన్ చేసే మేలు ఏ సెట్టింగూ చేయదు. ఆటో క్యాలిబ్రేషన్ (రిసీవర్ మైకుతో విని స్పీకర్ల స్థాయి, దూరం తానే సరిచేసుకోవడం) ఆ తర్వాతే చేయండి. మైకును చేత్తో పట్టుకోకుండా స్టాండు మీద చెవి ఎత్తులో పెట్టి, ఫ్యాను, ఏసీ ఆపి, కిటికీలు మూయాలి. సబ్ వూఫర్ దూరాన్ని అసలు కంటే ఎక్కువ చూపిస్తే దిద్దకండి. సబ్ లోపలి సర్క్యూట్ ఆలస్యాన్ని రిసీవర్ దూరంగా లెక్కగట్టింది.

సబ్ వూఫర్: అసలు రాదు, లేదా గది మొత్తం 'గుమ్మ్' మంటుంది

రాకపోతే, ముందువైపు స్పీకర్లు మెనూలో 'లార్జ్' అని ఉన్నాయేమో చూడండి. అప్పుడు స్టీరియో పాటల బేస్ వాటికే పోతుంది, సబ్‌కు చేరదు. అన్నింటినీ 'స్మాల్' చేసి క్రాసోవర్ (ఎంత కింది బేస్ సబ్‌కు పోవాలో చెప్పే హద్దు) 80 హెర్ట్జ్ పెట్టండి. మూడంగుళాల కోన్ ఉన్న చిన్న స్పీకర్లకైతే 120 నుంచి 150. సబ్ వెనకున్న క్రాసోవర్ నాబ్‌ను ఎక్కువ వైపు చివరిదాకా తిప్పేయాలి. లేకపోతే రిసీవర్ ఒకసారి, సబ్ ఇంకోసారి కోసి మధ్యలో గుంత పడుతుంది.

గుమ్మంటే అది గది కొలతల పని. ఎదురెదురు గోడల మధ్య 12 అడుగులుంటే 47 హెర్ట్జ్ దగ్గర, 14 అడుగులుంటే 40 దగ్గర బేస్ ఉబ్బుతుంది. మూలన పెట్టిన సబ్ దాన్ని ఇంకా ఎగదోస్తుంది. సబ్‌ను సోఫాలో మీరు కూర్చునే చోటే పెట్టి, బేస్ బాగా ఉన్న పాట వేసి, గోడల వెంట వంగి నడుస్తూ వినండి. బేస్ ఎక్కడ సమంగా వినిపిస్తే సబ్ స్థానం అదే.

'హమ్' మంటూ ఆగని మోత

ఈ సమస్యకు మన ఊళ్లలో కారణాలు ఎక్కువ, ఓపిగ్గా వెతకాలి. వాల్యూమ్ తగ్గిస్తే మోత తగ్గుతోందా? తగ్గితే అది ఏదో కేబుల్ ద్వారా లోపలికి వస్తోంది. రిసీవర్‌కూ టీవీకీ ఉన్న కేబుళ్లన్నీ తీసి, ఒక్కొక్కటే తిరిగి పెట్టండి. చాలాసార్లు దోషి, సెట్ టాప్ బాక్స్‌కు వచ్చే కేబుల్ టీవీ వైరే. దాని పైతొడుగు వీధిలో ఇంకెక్కడో ఎర్త్ అయి, మీ ఇంటి ఎర్త్‌తో కలిసి వలయం కడుతుంది. ఆ వైరు పీకగానే మోత ఆగితే, మధ్యలో ఆ వలయాన్ని తెంపే గ్రౌండ్ లూప్ ఐసోలేటర్ పెట్టించండి. మోత సబ్‌లో మాత్రమే ఉంటే సబ్‌నూ రిసీవర్‌నూ ఒకే బోర్డుకు మార్చి చూడండి. ప్లగ్గులో ఎర్త్ పిన్ను తీసేస్తే మోత ఆగుతుందని కొందరు చెబుతారు. ఆగొచ్చు, కానీ లోపల లీకేజీ అయిన రోజు షాక్ కొట్టేది మీకే. ఎట్టి పరిస్థితుల్లోనూ ఆ పని చేయొద్దు.

వెతికినా దొరకకపోతే ఎలక్ట్రీషియన్‌తో సాకెట్‌ను మల్టీమీటర్‌తో కొలిపించండి. ఫేజుకూ న్యూట్రల్‌కూ, ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య దాదాపు 230 వోల్టులు రావాలి, న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య రెండు మూడు వోల్టులు మించకూడదు. వేసవిలో ఎర్త్ గుంత ఎండి, ఈ లెక్క తప్పుతుంది. గుంతలో నీళ్లు పోశాక కొలత మారితే, బొగ్గు, ఉప్పు వేసి గుంతను కొత్తగా చేయించాలి.

మోత కరెంటు పోయినప్పుడే వస్తే అది స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ పుణ్యం. ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టర్ వేయండి, లేదా ఆ సాకెట్‌ను ఇన్వర్టర్ లైను నుంచి తప్పించండి.

పెదాలకూ మాటకూ పొంతన లేదు

డబ్బింగ్ సినిమాతో పరీక్షించకండి, న్యూస్ చదివేవాళ్లను చూడండి. మాట ముందొస్తే ఆడియో డిలే పెంచండి. మాట వెనకబడితే డిలేను సున్నా చేయండి, రిసీవర్ అంతకు ముందుకు లాగలేదు. అప్పుడు సెట్ టాప్ బాక్స్‌ను నేరుగా రిసీవర్‌కు కలిపి, చిత్రాన్ని రిసీవర్ ద్వారా టీవీకి పంపడమే దారి.

రిసీవర్ దానంతటదే ఆగిపోతోంది, 'ప్రొటెక్ట్' అని పడుతోంది

ప్లగ్గు పీకి, స్పీకర్ వైర్లన్నీ వెనక నుంచి తీసేసి ఆన్ చేయండి. నిలబడితే తప్పు వైర్లలో ఉంది. ప్రతిసారీ ఆఫ్ చేసి ఒక్కో స్పీకర్ కలుపుతూ పోతే దొరుకుతుంది. సన్నటి రాగి పోగు ఒకటి ప్లస్ నుంచి మైనస్‌కు తగిలినా చాలు. వైరును ఒక సెంటీమీటరే ఒలిచి, గట్టిగా మెలిపెట్టి బిగించండి. ఒకే టెర్మినల్‌కు 8 ఓమ్‌ల స్పీకర్లు రెండు పక్కపక్కన కలిపితే 4 ఓమ్‌లవుతుంది, కనీసం 6 ఓమ్‌లు కోరే రిసీవర్ వాల్యూమ్ పెంచగానే ఆగిపోతుంది.

అరగంట, గంట ఆడాక ఆగుతుంటే అది వేడి. పైన 10 నుంచి 15 సెంటీమీటర్ల ఖాళీ ఉండాలి, వెనక మూసేసిన అరలో పెట్టకూడదు, మీద సెట్ టాప్ బాక్స్ పెట్టకూడదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఉరుముల వానలకు కరెంటు ప్లగ్గుతో పాటు కేబుల్ టీవీ వైరునూ పీకేయండి, పిడుగు పోటు ఆ దారిన కూడా వస్తుంది.

స్పీకర్ వైర్లన్నీ తీసేసినా, చల్లబడ్డాక కూడా ప్రొటెక్ట్ పడుతుంటే లోపలి ఆంప్లిఫయర్ పోయినట్టు. మూత తెరవకండి, ప్లగ్గు తీసినా కెపాసిటర్లలో చార్జ్ నిలిచి ఉంటుంది. సర్వీసుకు ఇచ్చేటప్పుడు ఏ స్పీకర్ కలిపినప్పుడు, ఎంతసేపటికి ఆగిందో కాగితం మీద రాసి ఇవ్వండి.