ఇటలీ మ్యూజియంల వర్చువల్ టూర్లలో "బొమ్మ సరిగ్గా కనపడట్లేదు" అంటే ఏం చెయ్యాలి?

ఇటలీ మ్యూజియంలను ఇంట్లో కూర్చుని చూద్దామని మొదలుపెట్టి, పది నిమిషాల్లోనే మూసేసేవాళ్లు చాలామంది. ఎందుకని అడిగితే "బొమ్మలు సరిగ్గా కనపడట్లేదు" అంటారు. ఆ ఒక్క మాట వెనక కారణాలు చాలా ఉంటాయి. కొన్ని మన ఫోన్‌లో ఉంటాయి, ఇంకొన్ని ఐదొందల ఏళ్ల కిందట ఆ గోడ మీదే మొదలయ్యాయి. కారణం పట్టుకుంటే పరిష్కారం కష్టమేమీ కాదు.

సమస్య: హాల్లో బాగానే తిరుగుతున్నాను, బొమ్మ దగ్గరికి వెళ్తే మసకబారిపోతోంది

అందరికీ మొదట ఎదురయ్యేది ఇదే. తప్పు నెట్‌ది కాదు. 360 డిగ్రీల టూర్ అంటే హాలు మధ్యలో కెమెరా పెట్టి చుట్టూ తీసిన ఫోటోలను అతికించి చేసినది. ఆ పెద్ద ఫోటోలో గోడ మీది పెయింటింగ్‌కు దక్కేది చిన్న ముక్క. ఎంత జూమ్ చేసినా ఆ ముక్కే సాగుతుంది తప్ప కొత్త వివరం రాదు.

పరిష్కారం ఏమిటంటే, రెండు ట్యాబులు తెరవండి. ఒకదాంట్లో హాల్లో నడవండి. నచ్చిన బొమ్మ కనపడగానే ఆగి, రెండోదాంట్లో ఆ బొమ్మ పేరుతోనే విడిగా తీసిన ఫోటో తెరవండి. మ్యూజియంల బొమ్మలను చూపించే గూగుల్ సైట్ గూగుల్ ఆర్ట్స్ అండ్ కల్చర్‌లో ఇది సులువు. ఆ సేవ 2011 ఫిబ్రవరిలో 17 మ్యూజియంలతో మొదలైంది. అప్పుడు ఒక్కో మ్యూజియం ఒక్కో బొమ్మను ఎంచుకుని, సుమారు 700 కోట్ల పిక్సెళ్లతో ఫోటో తీయించింది. ఫ్లోరెన్స్‌లోని ఉఫీజీ గ్యాలరీ ఎంచుకున్నది బొత్తిచెల్లి గీసిన 'వీనస్ జననం', అంటే ప్రేమ దేవత వీనస్ సముద్రంలో పుట్టి ఒడ్డుకు వచ్చే బొమ్మ.

దాన్ని ఒకసారి పూర్తిగా జూమ్ చేసి చూడండి. దూరం నుంచి గోధుమరంగులా కనపడే వీనస్ జుట్టులో సన్నటి బంగారు గీతలు బయటపడతాయి. కుడివైపు చెట్ల ఆకుల మీదా ఆ బంగారమే మెరుస్తుంది. సముద్రం మీది అలలన్నీ చిన్న చిన్న వంపు గీతలు. ఎడమవైపు గాలి దేవుడు ఊదుతుంటే గులాబీలు ఒక్కొక్కటీ రాలుతుంటాయి. రోజుకు ఇలాంటి బొమ్మ ఒక్కటి చాలు. ఇరవై హాళ్లు తిరిగినవాళ్లకు ఏమీ గుర్తుండదు. ఒక్క బొమ్మ ముందు అరగంట కూర్చున్నవాళ్లు దాన్ని కళ్లు మూసుకుని కూడా చెప్పగలరు.

సమస్య: విడి ఫోటో తెరిచినా 'లాస్ట్ సప్పర్' మసకగానే ఉంది

యేసు తన శిష్యులతో చేసిన చివరి భోజనం బొమ్మ ఇది. ఇక్కడ ఫోన్‌నీ నెట్‌నీ అనడానికి లేదు, బొమ్మే అలా ఉంది. మిలాన్‌లోని సాంతా మరియా దెల్లే గ్రాత్సియే మఠంలో, సన్యాసులు భోజనం చేసే గది గోడ మీద లియొనార్డో డావిన్చి దాదాపు 1495 నుంచి 1498 వరకు దీన్ని గీశాడు. మామూలుగా గోడ బొమ్మలను తడి సున్నం మీద వేస్తారు. సున్నం ఆరేటప్పుడు రంగు దానిలో కలిసిపోయి శతాబ్దాలు నిలుస్తుంది. కానీ తడి ఆరేలోపు పని ముగించాలి. లియొనార్డోకి ఆ తొందర పడదు. ఆగి, ఆలోచించి, మార్చుకుంటూ గీయడం ఆయన పద్ధతి. అందుకని ఆరిన గోడ మీద వేశాడు. రంగు గోడను పట్టుకోలేదు. ఆయన బతికుండగానే పెచ్చులు లేవడం మొదలైంది. 1652లో ఆ గోడకు తలుపు పెట్టడంతో యేసు పాదాలున్న చోటు పోయింది. 1943 ఆగస్టులో బాంబులు పడి ఆ గది చాలావరకు కూలిపోయింది. అడ్డుగా ఇసుక బస్తాలు పేర్చి ఉంచడం వల్ల ఈ గోడ మాత్రం నిలబడింది. 1978 నుంచి 1999 వరకు, ఇరవై ఏళ్లకు పైగా శుభ్రం చేస్తే ఇప్పుడు మనం చూస్తున్నది మిగిలింది.

కాబట్టి ఇక్కడ పరిష్కారం చూసే తీరు మార్చుకోవడమే. ముఖాల్లో వివరాల కోసం వెతకకండి, చేతులు చూడండి. పన్నెండు మంది శిష్యుల చేతులు ఎటు తిరిగాయో, ఎవరి చెయ్యి దేన్ని పట్టుకుందో వరుసగా చూస్తూ వెళ్తే కథంతా అక్కడే ఉంటుంది. 2007లో 1,600 కోట్ల పిక్సెళ్లతో తీసిన ఫోటో ఒకటుంది. మిలాన్ వెళ్లినవాళ్లకు ఆ గదిలో ఇచ్చేది 15 నిమిషాలే. ఈ ఫోటో ముందు మనల్ని లెమ్మనేవాళ్లు ఎవరూ లేరు.

సమస్య: రంగులు పుస్తకంలో చూసినట్టు లేవు

ముందు ఫోన్‌లో నైట్ మోడ్, కంటికి హాయిగా ఉండటానికి పెట్టుకునే పసుపు వెలుగు సెట్టింగ్ ఆపండి. రాత్రి కాగానే అవి వాటంతటవే ఆన్ అయ్యే ఫోన్లు చాలా ఉన్నాయి. స్క్రీన్ బ్రైట్‌నెస్ కూడా పెంచండి.

అది వాటికన్‌లోని ప్రార్థనా మందిరం సిస్టీన్ చాపెల్ అయితే కారణం వేరే. పాత పుస్తకాల్లో దాని కప్పు మసిపట్టినట్టు చీకటిగా ఉంటుంది. 1980లలో పైకప్పును, 1994 నాటికి 'తుది తీర్పు' (లోకం ముగిసే రోజు యేసు అందరికీ తీర్పు చెప్పే బొమ్మ) ఉన్న గోడను శుభ్రం చేశారు. కొవ్వొత్తుల పొగ, పాత జిగురు పోయి ఆకుపచ్చలు, నారింజలు బయటికొచ్చాయి. మీ పుస్తకం అంతకుముందు అచ్చయినదైతే, ఇప్పుడు స్క్రీన్ మీద కనపడే రంగులే నమ్మండి.

సమస్య: సిస్టీన్ చాపెల్ టూర్‌లో కళ్లు తిరుగుతున్నాయి, ఏ బొమ్మ ఎక్కడుందో తెలియట్లేదు

ఫోన్ కదిపితే దృశ్యం కూడా కదిలే మోషన్ ఆప్షన్ ఆపేసి, వేలితో మెల్లగా జరపండి. కుదిరితే ల్యాప్‌టాప్‌లో చూడండి.

దిక్కు తెలియకపోతే ముందు చూపు కిందికి దించి, గోడంతా నీలం పరుచుకుని జనంతో కిక్కిరిసిన 'తుది తీర్పు' వెతకండి. పూజావేదిక ఉన్న గోడ అదే. అక్కడినుంచి పైకి చూసి, కప్పు మధ్య వరుసలో పెట్టెల్లా ఉన్న తొమ్మిది బొమ్మలు లెక్కపెట్టండి. నాలుగోది వేళ్లు తాకబోతున్న 'ఆదాము సృష్టి'. గుమ్మం వైపు బొమ్మల్లో మనుషులు చిన్నగా, గుంపుగా ఉంటే కంగారు పడకండి. ఈ కప్పు బొమ్మలు గీసిన మైకెలాంజెలో 1508లో పని మొదలుపెట్టింది అటువైపు నుంచే. వేదిక వైపు వచ్చేకొద్దీ మనుషుల్ని తగ్గించి, పెద్దగా గీస్తూ వచ్చాడు. 1512లో పూర్తయింది.

ఈ టూర్ వాటికన్ మ్యూజియంల సొంత సైట్‌లో ఉచితంగా ఉంది. వాటికన్ రోమ్ నగరం మధ్యలోనే ఉన్నా వేరే దేశం కాబట్టి, సైట్ చిరునామా చివర ఇటలీ సైట్లకుండే ఐటీ (.it) కాకుండా వీఏ (.va) ఉంటుంది.

సమస్య: ఏది పెద్దదో, ఏది చిన్నదో తెలియట్లేదు

స్క్రీన్ మీద అన్నీ ఒకే సైజులో కనపడతాయి. బొమ్మ కింద రాసిన కొలత చదివి ఇంట్లో కొలవడం ఒక్కటే దీనికి మందు. 'వీనస్ జననం' వెడల్పు 278.5 సెంటీమీటర్లు. ఐదున్నర మీటర్ల చీరను సగానికి మడిస్తే దాదాపు అంతే వస్తుంది. నేనూ అమ్మా ఒక పాత చీర అలా మడిచి హాల్లో గోడకు పట్టుకుని నిలబడ్డాం. వీనస్ దాదాపు మా అంత మనిషి అని అప్పుడే తెలిసింది. 'లాస్ట్ సప్పర్' వెడల్పు 880 సెంటీమీటర్లు, అంటే ఒక చీరా, ఇంకో చీరలో సగానికి పైనా. అదే మిలాన్‌లో బ్రెరా గ్యాలరీలో ఉన్న మాంటెన్యా 'మృత క్రీస్తు' 68 × 81 సెంటీమీటర్లే. అంత బరువైన దుఃఖం టీపాయ్ మీద పట్టేంత చోటులో ఉంది! ఫ్లోరెన్స్ అకాడెమియాలోని డేవిడ్ శిల్పం ఎత్తు 517 సెంటీమీటర్లు. పది అడుగుల స్లాబు ఇంట్లో నిలబెడితే, నడుము పైభాగమంతా మేడ మీదికి వచ్చేస్తుంది.

చిన్న చిన్న చిక్కులు

పేజీ ఖాళీగా వస్తే, అది ఫ్లాష్ అనే పాత సాఫ్ట్‌వేర్‌తో చేసిన టూర్ అయ్యుండొచ్చు. ఫ్లాష్‌కు 2020 చివరితో కాలం చెల్లింది. ఆ లింక్ వదిలేసి మ్యూజియం కొత్త సైట్‌కి వెళ్లండి. చెప్పిన హాల్లో బొమ్మ లేకపోతే ఆ టూర్ పాతదై ఉంటుంది. ఉఫీజీలో బొత్తిచెల్లి హాళ్లను 2016లో కొత్తగా సర్దారు. ఒక్క బొమ్మ మాత్రం ఎవరో కావాలనే చెరిపినట్టు మసకగా ఉంటే, దాన్ని చూపించే హక్కులు దొరకలేదని అర్థం. వెతికినా ఏమీ దొరక్కపోతే ఇటాలియన్ పేర్లతో ప్రయత్నించండి. ఫ్లోరెన్స్‌ను వాళ్లు ఫిరెంజే అంటారు, చిత్రకారులు రాఫెల్‌ను రఫాయెల్లో, టిషన్‌ను తిజియానో అంటారు.

సమస్య: లైవ్ టూర్‌కి టైముకే వచ్చాను, కానీ అయిపోయింది

ఇది నాకే జరిగింది. మార్చి చివర్లో, ఇటలీ టైము సాయంత్రం ఆరుకు ఒక గైడ్ చేసే గంట టూర్‌కి డబ్బు కట్టి, మన టైము రాత్రి పదిన్నరకు కూర్చున్నాను. అప్పటికి అందరూ వెళ్లిపోతున్నారు. చాలా బాధేసింది.

ఇటలీలో మార్చి ఆఖరి ఆదివారం గడియారం గంట ముందుకు, అక్టోబరు ఆఖరి ఆదివారం గంట వెనక్కు జరుపుతారు. అందుకని చలికాలంలో మనకూ వాళ్లకూ నాలుగున్నర గంటల తేడా, ఎండాకాలంలో మూడున్నర. అమెరికాలో ఉన్న మనవాళ్లు ఇంకా జాగ్రత్తగా చూసుకోవాలి. అక్కడ గడియారం మార్చి రెండో ఆదివారమే మారుతుంది కాబట్టి, న్యూయార్క్‌కి ఇటలీతో ఉండే ఆరు గంటల తేడా ఆ రెండు మూడు వారాలు ఐదే అవుతుంది. బుక్ చేసిన రోజే ఫోన్ గడియారంలో రోమ్ కూడా పెట్టుకుని, టూర్ రోజు పొద్దున ఒకసారి చూసుకోండి.