విశాఖలో కామిక్స్ లోకం: తక్కువ ఖర్చుతో ఫ్యాన్ ఫిల్మ్ తీయడం ఎలా?

కామిక్స్ పుటలో ఒక గడికీ మరొక గడికీ నడుమ సన్నని తెల్లటి సందు ఉంటుంది. మొదటి గడిలో ఎత్తిన పిడికిలి, రెండో గడిలో నేలకూలిన మనిషి కనిపిస్తారు. దెబ్బ మాత్రం ఎక్కడా గీసి ఉండదు, దానిని చదివేవాడే తన మనసులో గీసుకుంటాడు. చేతిలో పెద్దగా డబ్బు లేకుండా తమకు ఇష్టమైన కామిక్స్ లోకాన్ని తెర మీదికి తేవాలనుకునేవారు నేర్చుకోవలసిన మొదటి పాఠం ఆ సందులోనే ఉందని నా గట్టి నమ్మకం. కోట్లు ఖర్చుపెట్టి తీసిన సినిమాలను అనుకరించబోతే మన లేమి ప్రతి షాట్‌లోనూ బయటపడుతుంది. అదే కాగితం మీది బొమ్మల కథను గురువుగా పెట్టుకుంటే, చూపకుండా వదిలిన ప్రతిదీ మనకు ఖర్చు తగ్గిస్తూనే కథకు బలమూ ఇస్తుంది.

2003లో అమెరికాలో శాండీ కొలోరా తీసిన ‘బ్యాట్‌మ్యాన్: డెడ్ ఎండ్’ అనే ఫ్యాన్ ఫిల్మ్ (ఇష్టమైన పాత్రలతో అభిమానులే తీసుకునే చిత్రం) ఈ మాటకు మంచి సాక్ష్యం. అది దాదాపు 8 నిమిషాల చిత్రం. దానికి అయిన ఖర్చు సుమారు 30 వేల డాలర్లని చెబుతారు. అంత సొమ్ము మనలో చాలామందికి అందనిదే అయినా, అందులో గమనించవలసినది సొమ్ము కాదు. కథ ఒక రాత్రి, వాన కురుస్తున్న ఒక ఇరుకు సందులో నడుస్తుంది. చీకటీ వానా కలిసి, కట్టవలసిన సెట్‌నూ చూపవలసిన నగరాన్నీ దాచిపెట్టాయి.

కాబట్టి కథ రాసుకునేటప్పుడే ఒక చోటు, ఒక పూట, ఇద్దరు ముగ్గురు మనుషులు అని గీత గీసుకోవాలి. నగరాన్ని కాపాడే కథ వద్దు. ఆ నగరంలో ఒక రాత్రి ఒక మనిషికి ఏం జరిగిందో చెప్పే కథ కావాలి. మహావీరుడి కన్నా అతడిని దూరం నుంచి చూసిన టీ కొట్టు కుర్రాడి కథ తీయడం తేలిక, నా దృష్టిలో అదే ఎక్కువ ఆసక్తికరం కూడా. నిడివి 7 నిమిషాలు దాటనివ్వకపోతే మేలు. సంభాషణల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ఇంగ్లీషు కామిక్స్‌లోని మాటలను ముక్కస్య ముక్కగా తెలుగులోకి దించితే డబ్బింగ్ సినిమా వాసన వస్తుంది. కథ విశాఖలో జరుగుతున్నప్పుడు కాపలాదారు ‘ఏటయ్యింది బాబూ’ అనే అడగాలి. ఆ ఒక్క మాటతో ఊహాలోకం మన ఊళ్లోకి వచ్చి కూర్చుంటుంది.

చిత్రీకరణకు ముందే హక్కుల సంగతి తెలుసుకోవాలి. పాత్రల మీద కాపీరైటూ, పేర్లూ గుర్తుల మీద ట్రేడ్‌మార్కూ ఆయా సంస్థలకే ఉంటాయి. మన 1957 నాటి కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్ సొంత అధ్యయనం, విమర్శ, సమీక్ష వంటి వాటికి మినహాయింపులు ఇస్తుంది గాని, ఫ్యాన్ ఫిల్మ్ అనే మాట అందులో ఎక్కడా లేదు. ‘లాభాపేక్ష లేదు’ అని మొదట్లో ఒక కార్డు వేసినంత మాత్రాన అది కవచమైపోదు; అయినా ఆ కార్డు వేయాలి, చిత్రం మీద ఒక్క రూపాయి కూడా సంపాదించకూడదు, అసలు సినిమాల సంగీతాన్నీ దృశ్యాలనూ ముట్టుకోకూడదు. కామిక్స్‌కు సంబంధించినది కాకపోయినా అమెరికా సైన్స్ ఫిక్షన్ సిరీస్ ‘స్టార్ ట్రెక్’ హక్కుదారులు 2016లో అభిమానుల కోసం ప్రకటించిన నియమాలు ఒకసారి చదవదగినవి: ఒక్కో భాగం 15 నిమిషాలకు, రెండు భాగాలూ కలిపి 30 నిమిషాలకు మించకూడదని, విరాళాలు 50 వేల డాలర్లు దాటకూడదని వారు హద్దు పెట్టారు. ఇతర సంస్థలకు అవి వర్తించకపోయినా, హక్కుదారులకు ఏది ఇబ్బందిగా తోస్తుందో వాటిని బట్టి అర్థమవుతుంది. నేనిచ్చే సలహా ఒకటే: ప్రసిద్ధ వీరుడిని కాక, అతని లోకంలో మీరు పుట్టించిన కొత్త పాత్రను నడిపించండి. రేపు ఆ లోకం పేరు తీసేయవలసి వచ్చినా మీ పాత్ర మీకే మిగులుతుంది.

ఇక స్థలాల విషయంలో విశాఖ వారు అదృష్టవంతులు. తూర్పు తీరం కావడం వల్ల సూర్యుడు సముద్రంలోంచే లేస్తాడు. జూన్‌లో సుమారు 5:20కే, జనవరిలో 6:30 దగ్గర వెలుగు నీటి మీదుగా నేరుగా వస్తుంది. ఆ సూర్యుడిని వెనుక పెట్టుకుని మనిషిని నల్లని ఆకృతిగా తీస్తే దుస్తుల్లోని లోపమేదీ కనబడదు, కామిక్స్ ముఖచిత్రంలాంటి షాట్ ఖర్చు లేకుండానే వస్తుంది. సాయంత్రం మాత్రం సూర్యుడు కొండల వెనక్కి పోతాడు కనుక తీరంలో వెలుగు తొందరగా చల్లబడుతుంది. ఆ కాసేపటి నీలివెలుగు రాత్రి దృశ్యాలకు బాగా పనికివస్తుంది. వన్‌టౌన్‌లోని పాత భవనాలు, ఇరుకు మెట్లు నేరసామ్రాజ్యపు కథలకు సరిపోతాయి. భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలు పరగ్రహంలా కనిపిస్తాయి. అయితే అవి జాతీయ భూవారసత్వ స్థలమని, ఆ మట్టి అంచులు కాలి అదురుకే విరిగిపోతాయని గుర్తుంచుకుని, దూరం నుంచి తీసుకోవడమే తప్ప వాటి మీదికెక్కి పోరాటాలు తీయకూడదు. బీచ్‌రోడ్డులోని కురుసుర జలాంతర్గామిని రోడ్డు మీది నుంచి నేపథ్యంగా పెట్టినా చాలు.

ఇది నౌకాదళ నగరమన్న సంగతి ఏ క్షణంలోనూ మరవరాదు. డాల్ఫిన్స్ నోస్ కొండ వైపు గాని, నౌకాశ్రయపు కాలువ వైపు గాని, రక్షణ శాఖ గోడల వైపు గాని కెమెరా తిప్పకండి. డ్రోన్ ఎగరేయాలనుకుంటే 2021 నాటి డ్రోన్ నియమాలు చదివి, ప్రభుత్వ డిజిటల్ స్కై వెబ్‌సైట్ పటంలో మీరున్న చోటు ఎరుపులో, అంటే అనుమతి లేనిదే ఎగరేయకూడని ప్రాంతంలో ఉందేమో చూడాలి. నౌకాదళ విమాన స్థావరం ఐఎన్‌ఎస్ డేగా నగరంలోనే ఉంది కనుక ఇక్కడ డ్రోన్ షాట్ లేకుండానే కథ రాసుకోవడం ఉత్తమం. బహిరంగ స్థలంలో బొమ్మ తుపాకీ, ముసుగు ఉన్న దృశ్యం తీస్తుంటే దగ్గరి పోలీస్ స్టేషన్‌లో ముందే రాతపూర్వకంగా తెలిపి అనుమతి తీసుకోండి. దారినపోయేవారు అది నటన అని ఎలా తెలుసుకుంటారు?

దుస్తుల తయారీ గురించి కొంత వివరంగా చెప్పాలి, ఎందుకంటే డబ్బు ఎక్కువగా వృథా అయ్యేది అక్కడే. కవచానికి 5 మిల్లీమీటర్ల ఈవీఏ ఫోమ్ (తేలికైన, మెత్తని స్పాంజిలాంటి) షీట్ చాలు. ముందు పాత అట్టముక్కల మీద నమూనా గీసి, మనిషి ఒంటికి పెట్టి చూసి, ఆ తర్వాతే ఫోమ్ కోయాలి. రబ్బరు జిగురును అతికే రెండు అంచులకూ రాసి, వేలికి అంటుకోనంతగా ఆరాక గట్టిగా నొక్కాలి. తడిగా ఉండగానే అతికించడం అందరూ చేసే పొరపాటు. పైన వేడిగాలి ఊదే హీట్ గన్ పట్టిస్తే ఫోమ్ రంధ్రాలు మూసుకుంటాయి. తర్వాత నీళ్లు కలిపిన తెల్ల ఫెవికాల్ మూడు నాలుగు పూతలు వేసి ఆరనిచ్చి, అప్పుడు నల్లరంగు స్ప్రే చేయాలి; చివరగా దాదాపు పొడిగా ఉన్న కుంచెతో అంచుల మీద మాత్రమే వెండిరంగు రుద్దితే ఇనుము అరిగినట్టు కనిపిస్తుంది.

ఈ జిగురుకు మన ఎండ పెద్ద శత్రువు. మే నెలలో మిట్టమధ్యాహ్నం రుషికొండ దగ్గర మా ఫ్యాన్ ఫిల్మ్ తీస్తున్నప్పుడు మా నటుడి భుజకవచం అతుకు మెత్తబడి ఊడిపోయింది. సగం దృశ్యం అప్పటికే తీసేశాం. మిగిలిన సగంలో ఆ భుజం మీదికి అంగీని (వీపున వేలాడే కేప్‌ను) లాగి కప్పాం. అప్పటి నుంచి తెల్లవారుజామున తప్ప కవచం బయటికి తీయలేదు. కవచం వేసుకున్న మనిషికి ఈ ఉక్కపోతలో ప్రతి 20 నిమిషాలకూ దాన్ని విప్పి మజ్జిగ ఇవ్వాలని కూడా ఆ రోజే తెలుసుకున్నాం. సముద్రపు గాలికి అంగీ ఎగిరి ముఖాన్ని కప్పేస్తుంటే మా బృందంలోని మత్స్యకార కుటుంబపు అబ్బాయి ఒక ఉపాయం చెప్పాడు: వల అంచుకు కట్టే సీసపు గుండ్లను గుడ్డలో చుట్టి అంగీ అంచు మడతలో కుట్టేశాం. ఆ తర్వాత అంగీ బరువుగా, హుందాగా ఊగింది. సీసం ముట్టుకున్న చేతులు కడుక్కోవడం మాత్రం మరవకండి.

ఫోన్ కెమెరాతో తీసేవారు సెకనుకు 24 ఫ్రేములు, షటర్ వేగం సెకనులో 1/50 పెట్టుకుని, ఎక్స్‌పోజర్‌ను (కెమెరా తీసుకునే వెలుగు మోతాదును) మారకుండా లాక్ చేయాలి. మన విద్యుత్తు 50 హెర్ట్జ్ కనుక వీధిదీపాల కింద మరో వేగం పెడితే దృశ్యం మినుకుమినుకుమనవచ్చు. పగటి వెలుగులో ఇదే షటర్ నిలుపుకోవడానికి వెలుగును తగ్గించే నల్లటి అద్దం, అంటే ఎన్‌డీ ఫిల్టర్ కావాలి. రాత్రి దృశ్యంలో ఒక దీపం తప్పనిసరిగా నటుడి వెనుక ఉండాలి. నల్లని దుస్తులు నల్లని ఆకాశంలో కలిసిపోకుండా ఆ అంచు వెలుగే విడదీస్తుంది. రోడ్డు మీద రెండు బిందెల నీళ్లు చల్లితే దీపాలు నేల మీద మెరుస్తాయి. కెమెరా ఎత్తు నడుము దగ్గరకు దించి పైకి చూపితే మామూలు మనిషీ నిలువెత్తు బొమ్మలా కనిపిస్తాడు.

మొదట చెప్పిన గడుల నడిమి సందు ఎలా పనిచేస్తుందో ఇప్పుడు చూపిస్తాను. మా కథలో ముసుగు మనిషి మేడ మీది నుంచి దూకాలి. తాళ్లు లేవు, స్టంట్ తెలిసినవారు లేరు. ఆ దూకడాన్ని మూడు షాట్లుగా విడగొట్టాం. మొదటి దానిలో టీ కొట్టు కుర్రాడు గిన్నె కడుగుతూ ఆగి, తల పైకెత్తుతాడు. రెండో దానిలో రెండు ఇళ్ల నడుమ ఆరేసిన చీరలు ఒక్కసారిగా ఊగుతాయి. ఫ్రేము బయట నిలబడి తాడు లాగింది నేనే. మూడో దానిలో నేల మీద రెండు బూట్లు, లేచిన దుమ్ము. ఎవరూ దూకలేదు, ఎవరికీ దెబ్బ తగలలేదు. చూసినవారంతా ‘ఎంత ఎత్తు నుంచి దూకించారు’ అని అడిగారు.

అయితే ఆ మూడు షాట్లను ఒకటిగా కలిపింది శబ్దమే. అందుకే బడ్జెట్‌లో పది రూపాయలుంటే నాలుగు శబ్దానికి పక్కనపెట్టండి. తీరంలో అలల హోరు, గాలి కలిసి మాటలను మింగేస్తాయి. మైకుకు బొచ్చు తొడుగు వేసినా అక్కడి సంభాషణలను తర్వాత డబ్బింగ్ చెప్పించుకోవడానికి సిద్ధపడాలి. ముసుగు వెనుక గొంతును బట్టలు నిండిన బీరువా తలుపులు తెరిచి, దాని ముందు నిలబడి రికార్డు చేస్తే గది ప్రతిధ్వని చాలా తగ్గుతుంది. అంగీ చప్పుడుకు మందపాటి దుప్పటి దులిపాం, కవచపు చప్పుడుకు తాళాల గుత్తిని తోలుసంచిలో వేసి ఆడించాం. ప్రతి చోటా 30 సెకన్లు అందరూ మౌనంగా ఉండి, ఆ చోటి శబ్దాన్ని మాత్రమే రికార్డు చేసుకోండి. ఎడిటింగ్‌లో అతుకులు కప్పేది అదే. సంగీతానికి ఉత్తరాంధ్ర తప్పెటగుళ్ల లయకు మించినది నాకు తోచదు. రొమ్ముకు కట్టిన తప్పెట మోత పోరాట దృశ్యానికి ఎక్కడా లేని ఊపు తెస్తుంది. కళాకారుల చేత వాయిస్తే తగిన పారితోషికం ఇచ్చి, వాడుకోవడానికి రాతపూర్వకంగా అంగీకారం తీసుకుని, వారి పేర్లు తెర మీద వేయాలి.

ఎడిటింగ్‌కూ రంగుల దిద్దుబాటుకూ డావిన్సీ రిజాల్వ్ ఉచిత వెర్షన్, గ్రాఫిక్స్‌కు బ్లెండర్ సరిపోతాయి. గ్రాఫిక్స్ షాట్లు మూడుకు మించనివ్వకండి, వాటిలోనూ కెమెరాను ట్రైపాడ్ మీద కదలకుండా ఉంచండి. విడుదలకు ముందు చిత్రాన్ని ఒకసారి ఇయర్‌ఫోన్లు లేకుండా మామూలు ఫోన్‌లో, పగటి వెలుతురులో చూడండి. చాలామంది అలాగే చూస్తారు కనుక, రాత్రి దృశ్యంలో ముఖం ఆనకపోయినా మాట వినబడకపోయినా ఆ పూటే వెనక్కి వెళ్లి సరిచేయండి. యూట్యూబ్‌లో పెట్టేటప్పుడు ప్రకటనల ఆదాయాన్ని ఆపివేసి, మూల పాత్రల సృష్టికర్తల పేర్లను వివరణలో మొదటి వరుసలోనే రాయండి.