బ్రెడ్ సరిగ్గా రావట్లేదా? ఈస్ట్ మార్చే ముందు టిన్ను కొలవండి

బ్రెడ్ పొట్టిగా, పైన చదునుగా వస్తోంది

గిన్నెలో పిండి చక్కగా రెట్టింపయింది, ఈస్ట్ కూడా కొత్తదే, అయినా బ్రెడ్ టిన్ను అంచు దాటి పైకి రావట్లేదంటే ముందు అనుమానించాల్సింది టిన్నునే. చాలామంది ఈస్ట్ బ్రాండు మారుస్తారు, ఇంకో గంట పొంగనిస్తారు, టిన్ను సంగతి మాత్రం పట్టించుకోరు. షాపులో పక్కపక్కనే పెట్టి అమ్మే రెండు సైజులు, 8.5 × 4.5 అంగుళాలదీ 9 × 5 అంగుళాలదీ, చూడ్డానికి ఒకేలా ఉంటాయి. కానీ మొదటిదాంట్లో సుమారు 1.4 లీటర్ల నీళ్లు పడితే, రెండోదాంట్లో 1.9 లీటర్ల దాకా పడతాయి. చిన్న టిన్నుకి రాసిన కొలతలతో పెద్ద టిన్నులో చేస్తే పిండి పక్కలకి పరుచుకుంటుంది తప్ప పైకి లేవదు.

డబ్బా మీద రాసిన అంగుళాల్ని నమ్మకండి, ఒకరు పై అంచు బయట నుంచి కొలుస్తారు, ఇంకొకరు లోపల నుంచి. వంటింటి వెయింగ్ మెషీన్ మీద ఖాళీ టిన్ను పెట్టి, సున్నా చేసి, అంచు దాకా నీళ్లు పోయండి. ఎన్ని గ్రాములు చూపిస్తే అన్ని మిల్లీలీటర్లు. అడుగు ఊడొచ్చే టిన్ను అయితే నీళ్లు కారిపోతాయి కాబట్టి బియ్యం నింపి, ఆ బియ్యాన్ని కొలత గ్లాసులో పోసి చూడండి.

మైదా బ్రెడ్‌కి ఆ అంకెని 2.2తో భాగించండి. వచ్చినన్ని గ్రాముల పిండి ముద్ద ఆ టిన్నుకి సరిపోతుంది. ఉదాహరణకి 350 గ్రాముల మైదా, 230 గ్రాముల పాలు లేదా నీళ్లు, కొంచెం వెన్న, చక్కెర, ఉప్పు, ఈస్ట్ కలిపితే ముద్ద 635 గ్రాముల దగ్గర తేలుతుంది, 1.4 లీటర్ల టిన్నుకి సరిగ్గా అంతే కావాలి. మీ టిన్నులో 900 మిల్లీలీటర్లే పడితే 410 గ్రాముల ముద్ద చాలు, అంటే మైదా 225 గ్రాములు. మొత్తం గోధుమపిండితో చేసేవాళ్లు 2.2 బదులు 1.8తో భాగించండి, ఎందుకంటే చక్కీ ఆటా నీళ్లు ఎక్కువ పీలుస్తుంది, పొంగడం తక్కువ. గోధుమ బ్రెడ్ ఎప్పుడూ గట్టిగానే వస్తుందని వదిలేసినవాళ్లు ఒక్కసారి చిన్న టిన్నులో చేసి చూడండి, తేడా కళ్లకే కనిపిస్తుంది.

మూత ఉండే నలుచదరపు టిన్ను లెక్క వేరు. అందులో పిండి మూత దాకా పొంగి నిండాలి కాబట్టి 3.5 నుంచి 4 మధ్య అంకెతో భాగించాలి.

పైభాగం అంచుల మీదుగా పొర్లింది, లేదా పక్కన చీలింది

ఇది పైదానికి తిరగేసిన కేసు, టిన్ను చిన్నదై ముద్ద ఎక్కువైంది. ఎక్కువైన ముద్దని తీసి రెండు బన్నులు చేసుకోండి. ముద్ద బరువు సరిగ్గానే ఉన్నా చీలిందంటే టిన్నులో రెండోసారి పూర్తిగా పొంగకముందే ఓవెన్‌లో పెట్టారన్నమాట. అంచు పైకి దాదాపు ఒక అంగుళం లేచాక పెట్టండి. ఎండాకాలంలో మాత్రం కళ్లు దాని మీదే ఉంచాలి, మన వంటింటి వేడికి అది చాలా తొందరగా వచ్చేస్తుంది.

పైన మాడింది, పక్కలు తెల్లగా మెత్తగా ఉన్నాయి

ఇందులో సగం కారణం టిన్ను లోహం, సగం ఓటీజీ, అంటే పైనా కిందా రాడ్లతో వేడెక్కే చిన్న కరెంటు ఓవెన్. బాగా మెరిసే స్టీలు టిన్ను వేడిని వెనక్కి కొట్టేస్తుంది, పైగా స్టీలులో వేడి త్వరగా పాకదు. సిలికాన్ మౌల్డ్ ఇంకా అన్యాయం, పిండి బరువుకి పక్కలు ఉబ్బుతాయి, బ్రెడ్ రంగు కూడా రాదు, కేకుకి ఉంచుకోండి కానీ బ్రెడ్‌కి వద్దు. నా ఓటు మందపాటి అల్యూమినియం టిన్నుకే. వేడి అన్ని వైపులా సమానంగా తీసుకుంటుంది, పెద్ద ఖరీదు కూడా ఉండదు. నల్లటి నాన్‌స్టిక్ టిన్ను వేడిని ఎక్కువ పీల్చుకుని పక్కలు త్వరగా ముదురు రంగుకి తెస్తుంది, కాబట్టి దానికి 10–15 డిగ్రీలు తగ్గించండి. గాజు పాత్రకీ అంతే తగ్గించాలి, దాన్ని ఫ్రిజ్‌లోంచి తీసి నేరుగా వేడి ఓవెన్‌లో మాత్రం పెట్టకండి, పగిలిపోవచ్చు.

ఇక చిన్న ఓటీజీలో పై రాడ్ బ్రెడ్‌కి మరీ దగ్గర. అందుకే జాలీని కింది గాడిలో పెట్టి, రెండు రాడ్లూ వేసి, పైన బంగారు రంగు రాగానే ఫాయిల్ వదులుగా కప్పండి. కొత్త టిన్ను కొనేటప్పుడు పొంగిన బ్రెడ్ ఎత్తు కూడా కలుపుకుని, దానికీ పై రాడ్‌కీ మధ్య కనీసం రెండు అంగుళాలు మిగిలేలా చూసుకోండి.

బయటికి తీశాక పక్కలు లోపలికి కుంగాయి

లోపల ఇంకా ఉడకలేదు, లేదా వేడి బ్రెడ్‌ని టిన్నులోనే వదిలేశారు. బ్రెడ్‌ని తీసి వేలితో పక్క గోడ నొక్కండి, లోపలికి పోయి అలాగే ఉండిపోతే టిన్ను లేకుండా నేరుగా జాలీ మీద పెట్టి ఇంకో ఐదారు నిమిషాలు కాల్చండి. థర్మామీటర్ ఉంటే మధ్యలో 90 డిగ్రీలు దాటాలి. అయ్యాక ఐదు నిమిషాల్లోపు టిన్నులోంచి తీసి జాలీ మీదే చల్లార్చండి, లేకపోతే ఆవిరి పట్టి అడుగు చెమ్మగిల్లుతుంది.

అతుక్కుపోతోంది

మామూలు బటర్ పేపర్ పిండికి అంటుకుంటుంది. సిలికాన్ పూత ఉన్న బేకింగ్ పేపర్ అడగండి, లేదా మూలల్లో కూడా వదలకుండా వెన్న రాయండి.

కన్వెక్షన్ మైక్రోవేవ్‌లో టిన్ను గోడకి తగిలి ప్లేటు ఆగిపోతోంది

ప్లేటు ఆగిందంటే బ్రెడ్ ఒక వైపే కాలుతుంది. కొనేటప్పుడు టిన్ను పొడవు చూస్తే సరిపోదు, పిడులతో సహా ఈ మూల నుంచి ఎదురు మూల దాకా టేపుతో కొలవండి. ఆ కొలత తిరిగే ప్లేటు వెడల్పు కంటే తక్కువ ఉండాలి. 9 అంగుళాల టిన్ను మూల నుంచి మూలకి పది అంగుళాలు దాటుతుంది, పిడులుంటే ఇంకా ఎక్కువ, కాబట్టి చిన్న మైక్రోవేవ్ ఉన్నవాళ్లు 7 అంగుళాల టిన్ను తీసుకుని పైన చెప్పిన లెక్క ప్రకారం ముద్ద తగ్గించుకోండి.