గుండె వేగం పెరిగింది, కారణం తేలలేదు: ఛార్టుకు ఏ కోడ్?

పేషెంటు ‘దడగా ఉంది’ అన్నది లక్షణం. నాడి నిమిషానికి 118 అన్నది కొలత. అమెరికా వాడే జబ్బుల కోడ్ల జాబితా ఐసీడీ-10-సీఎంలో ఈ రెండూ వేర్వేరు: దడకు ఆర్00.2, రకం ప్రత్యేకంగా చెప్పని టాకీకార్డియాకు (గుండె వేగం పెరగడం) ఆర్00.0. హైదరాబాద్‌లో కూర్చుని ఆ అమెరికా ఛార్టులు చూసి బిల్లు కోసం కోడ్లు వేసే కొత్త కోడర్లు తడబడేది ఇక్కడే. వైటల్స్‌లో (నాడి, బీపీ లాంటి కొలతల్లో) నర్సు 118 అని ఎక్కించినంత మాత్రాన ఆర్00.0 వేయకూడదు, టాకీకార్డియా అని డాక్టరు నోట్‌లో ఉండాలి. ఈసీజీ మెషీన్ అచ్చువేసిన వ్యాఖ్య కూడా చెల్లదు.

డాక్టరు ఏం వెతుకుతారో తెలిస్తే నోట్ సులువుగా అర్థమవుతుంది. పెద్దవాళ్లకు విశ్రాంతిలో 100 దాటితే టాకీకార్డియా. బీపీ పడిపోయినా, ఛాతీ నొప్పి ఉన్నా, స్పృహ తప్పుతున్నా చికిత్సే ముందు. నిలకడగా ఉంటే 12 లీడ్ల ఈసీజీ. కాగితం సెకనుకు 25 మి.మీ. కదులుతుంది కాబట్టి, రెండు ఆర్ అలల (ప్రతి కొట్టుకోడానికీ కనిపించే నిటారు మొనల) మధ్య 1 మి.మీ. చిన్న గళ్లు లెక్కపెట్టి, నిమిషానికి కదిలే 1500ని ఆ సంఖ్యతో భాగిస్తే వేగం తెలుస్తుంది. 10 గళ్లుంటే 150. ఆ 150 దగ్గరే కదలకుండా నిలిచిపోతే ఏట్రియల్ ఫ్లటర్ (గుండె పై గదుల లయ తప్పడం) అని అనుమానించాలి. సైనస్ (గుండె మామూలు లయే వేగంగా సాగడం) అని పొరబడేది తరచూ దీన్నే. గుండె కింది గదులను చూపే క్యూఆర్‌ఎస్ అల 120 మిల్లీసెకన్లు దాటి వెడల్పుగా ఉంటే, కాదని తేలేదాకా వెంట్రిక్యులర్ టాకీకార్డియాగానే (కింది గదుల్లో పుట్టే వేగం) చూస్తారు. నిజంగా సైనస్ అయితే కారణం చాలావరకు గుండె బయటే దొరుకుతుంది: జ్వరం, డీహైడ్రేషన్, రక్తహీనత, థైరాయిడ్, ఊపిరితిత్తుల్లో రక్తపు గడ్డ, మందులు.

ఇక కోడ్. ఔట్‌పేషెంట్ నోట్‌లో ‘టాకీకార్డియా, రూల్ ఔట్ హైపర్‌థైరాయిడిజం’ అని, అంటే థైరాయిడ్ అతిగా పనిచేస్తోందేమో చూడాలని ఉంటే ఆర్00.0 ఒక్కటే. అనుమానానికి అక్కడ కోడ్ లేదు. థైరాయిడ్ రక్తపరీక్ష టీఎస్‌హెచ్ ఫలితం వచ్చాక డాక్టరు హైపర్‌థైరాయిడిజమ్‌ని ఖాయం చేస్తే ఈ05 వర్గంలోకి వెళ్లాలి. టాకీకార్డియా ఆ జబ్బు లక్షణమే కనుక ఆర్00.0 తీసేయాలి. ఇన్‌పేషెంట్ ఆసుపత్రి బిల్లులో మాత్రం, డిశ్చార్జి నాటికీ ‘ప్రాబబుల్’ (బహుశా) అనే ఉంటే ఖాయమైనట్టే కోడ్ చేస్తారు. డాక్టరు ఫీజు బిల్లుకు ఈ వెసులుబాటు లేదు.

ఆస్తమా ఇన్‌హేలర్‌ని చెప్పినట్టే వాడినా వేగం పెరిగిందని డాక్టరు రాస్తే ముందు ఆర్00.0, తర్వాత ఆ మందు దుష్ప్రభావానికి టీ48.6ఎక్స్5ఏ. ఈ వరస తిరగబడితే ఆడిట్‌లో దొరికిపోతారు.

‘ఎస్‌వీటీ’ (సుప్రావెంట్రిక్యులర్ టాకీకార్డియా, కింది గదులకు పైన పుట్టే వేగం) అని ఉంటే ఆర్00.0 వదిలేయాలి. అది ఐ47 వర్గంలోకి వస్తుంది, ‘ఈ రెండు కోడ్లూ కలిపి వేయొద్దు’ అనే ఎక్స్‌క్లూడ్స్1 నోట్ ఆర్00.0ని ఐ47తో కలిపి వేయనివ్వదు. పాత ఐ47.1 కూడా పనికిరాదు. 2023 అక్టోబర్ 1 నుంచి అది ఐ47.10, ఐ47.11, ఐ47.19గా విడిపోయింది, ఐదో అక్షరం లేని క్లెయిమ్ తిరిగొస్తుంది. ఇందులో ఐ47.11 ‘ఇన్అప్రోప్రియేట్ సైనస్ టాకీకార్డియా’కి, అదీ డాక్టరు ఆ మాటలే రాస్తేనే. ఉత్త ‘సైనస్ టాకీకార్డియా’ ఆర్00.0లోనే ఉంటుంది. పడుకున్నవాళ్లు లేచి నిలబడిన 10 నిమిషాల్లోపు, బీపీ పడిపోకుండానే వేగం 30 పెరిగిందని నోట్‌లో కనిపిస్తే పాట్స్ (నిలబడితే గుండె వేగం పెరిగే జబ్బు) గుర్తొస్తుంది, దాని కోడ్ జీ90.ఏ. కానీ ఆ పేరు డాక్టరు రాయకపోతే మీరు వేయకండి, డాక్టరుకు క్వెరీ (రాతపూర్వక ప్రశ్న) పంపండి. క్వెరీలోనూ ‘ఇది పాట్సేనా?’ అని అడగకూడదు. నోట్‌లోని అంకెలు చూపించి, నిర్ధారణ ఏమిటో రాయమనాలి.